మన సర్కారే కదా.. అని ఊరుకుంటారా? సింగరేణిలో అధికార పార్టీ యూనియన్లకు బ్యాలెట్ పరీక్ష

సింగరేణి యూనియన్ ఎన్నికల్లో ఓ ఆసక్తికరమైన లెక్క ఉంది. 1998 నుంచి గుర్తింపు సంఘం కోసం మొత్తం 7 సార్లు రహస్య బ్యాలెట్ జరిగింది. వాటిలో రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీ అనుబంధ యూనియన్ గెలిచింది ఎన్నిసార్లో తెలుసా? ఒకే ఒక్కసారి!

1998, 2001లో రాష్ట్రంలో టీడీపీ సర్కారు. గనుల్లో మాత్రం గెలిచింది సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ. 2003లో ఇంకా టీడీపీయే పవర్‌లో ఉంది, గెలిచింది కాంగ్రెస్ అనుబంధ ఐఎన్టీయూసీ. మరుసటి ఏడాదే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. సర్కారు మనదే కాబట్టి ఇక తిరుగులేదని ఐఎన్టీయూసీ అనుకునే టైమ్‌లో 2007 ఎన్నికలొచ్చాయి. మళ్లీ ఏఐటీయూసీనే గెలిచింది. 2012లో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగా, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న టీఆర్ఎస్ అనుబంధ టీబీజీకేఎస్ గెలిచింది. 2017లో మాత్రం అదే టీబీజీకేఎస్ అధికార పార్టీ యూనియన్‌గా బరిలో దిగి, 11 ఏరియాల్లో 9 గెలుచుకుంది. ఆ ఒక్కసారి ఇదే. ఇక 2023 డిసెంబర్ 27న కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన మూడు వారాలకే పోలింగ్ జరిగితే, సుమారు 2 వేల ఓట్ల తేడాతో ఏఐటీయూసీ చేతిలో ఐఎన్టీయూసీ ఓడిపోయింది.

ఇది యాదృచ్ఛికం అనుకోవచ్చు. కానీ కోల్‌బెల్ట్‌లో ఏ గని గేటు దగ్గర ఆగి అడిగినా జవాబు దాదాపు ఒకటే వస్తుంది. అధికార పార్టీ యూనియన్ లీడర్ సర్కారును గట్టిగా అడగలేడు. అడగలేనోడికి ఓటెందుకు?

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, గోదావరిఖని నుంచి కొత్తగూడెం దాకా మళ్లీ అదే ప్రశ్న తిరుగుతోంది. ఈసారి ఇంకాస్త చిక్కుగా ఉంది.

గెలిచింది మిత్రపక్షం.. ఓడింది అధికారపక్షం

2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్. రామగుండంలో మక్కాన్ సింగ్ రాజ్‌ఠాకూర్, చెన్నూరులో గడ్డం వివేక్, బెల్లంపల్లిలో ఆయన అన్న వినోద్, మంచిర్యాలలో ప్రేంసాగర్‌రావు, మంథనిలో శ్రీధర్‌బాబు.. ఇలా కోల్‌బెల్ట్ సీట్లన్నీ దాదాపు కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి. కొత్తగూడెంలో కాంగ్రెస్ మద్దతుతో సీపీఐ నేత కూనంనేని సాంబశివరావు గెలిచారు.

నెల కూడా కాలేదు. అదే కార్మికులు, అవే కాలనీలు. ఈసారి యూనియన్ ఓటు. రామగుండం-1, రామగుండం-2, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి.. ఈ ఐదు ఏరియాలు ఏఐటీయూసీకి పడ్డాయి. ఐఎన్టీయూసీకి రామగుండం-3, భూపాలపల్లి, ఇల్లందు, మణుగూరు, కొత్తగూడెం, కార్పొరేట్ దక్కాయి. అంటే ఏరియాల లెక్కలో ఐఎన్టీయూసీదే పైచేయి, 6-5. మొత్తం ఓట్లలో మాత్రం ఏఐటీయూసీ ముందు. గుర్తింపు హోదా మొత్తం ఓట్లను బట్టే వస్తుంది. ఏరియా గెలిచిన సంఘానికి అక్కడి వరకు ప్రాతినిధ్య హోదా ఉంటుంది.

గమనించారా? మందమర్రి వివేక్ నియోజకవర్గం. రామగుండం-1 గోదావరిఖని. ఎమ్మెల్యేగా కాంగ్రెస్‌ను గెలిపించిన చోటే యూనియన్ ఎన్నికల్లో ఆ పార్టీ యూనియన్‌ను పక్కన పెట్టారు. ఎమ్మెల్యే ఓటు వేరు, గని ఓటు వేరు అని ఇంత క్లియర్‌గా చెప్పిన సందర్భం ఇంకోటి దొరకదు.

కానీ చిక్కు ఇక్కడే. గెలిచిన ఏఐటీయూసీ వెనకున్న సీపీఐ కూడా కాంగ్రెస్‌కు మిత్రపక్షమే. ఓడినా ఆరు ఏరియాల్లో ఉన్న ఐఎన్టీయూసీ సాక్షాత్తు కాంగ్రెస్‌దే. ఐఎన్టీయూసీ సెక్రటరీ జనరల్ జనక్ ప్రసాద్‌కు ప్రభుత్వం కనీస వేతనాల సలహా మండలి ఛైర్మన్ పదవి కూడా ఇచ్చింది. ఇక టీబీజీకేఎస్ సంగతి సరేసరి. అసెంబ్లీలో బీఆర్ఎస్ ఓడగానే పోటీ చేయాలా వద్దా అని తర్జనభర్జన పడింది, కొందరు నేతలు జెండా మార్చారు, చివరికి నామమాత్రపు ఓట్లతో సరిపెట్టుకుంది. మొన్నటిదాకా గనుల్లో చక్రం తిప్పిన సంఘం పరిస్థితి అది.

సో, ఇవాళ సింగరేణిలో సర్కారును నిలదీయాల్సిన రెండు పెద్ద సంఘాలూ సర్కారు వైపు సంఘాలే. నిలదీస్తే సొంతోళ్లను నిలదీయాలి. నిలదీయకపోతే వచ్చే బ్యాలెట్‌లో కార్మికుడు నిలదీస్తాడు.

34 శాతం ఎట్లా వచ్చింది?

ఈ ఇరకాటం బాగా కనిపించేది దసరా ముందు. లాభాల వాటా ప్రకటించే రోజు.

2024 సెప్టెంబర్‌లో సర్కారు చెప్పిన లెక్క ఇది. 2023-24లో సింగరేణి లాభం రూ.4,701 కోట్లు. అందులో రూ.2,289 కోట్లు కొత్త గనులు, విస్తరణ కోసం పక్కన పెట్టారు. మిగిలిన రూ.2,412 కోట్లలో 33 శాతం, అంటే రూ.796 కోట్లు కార్మికులకు. 2025 సెప్టెంబర్ 22న మరో ప్రకటన. ఈసారి లాభం రూ.6,394 కోట్లు. పక్కన పెట్టింది రూ.4,034 కోట్లు. మిగిలిన రూ.2,360 కోట్లలో 34 శాతం, అంటే సుమారు రూ.802 కోట్లు. ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి సగటున రూ.1,95,610.

హెడ్‌లైన్ చూస్తే 33 నుంచి 34కు పెరిగింది. బ్రేకింగ్ ప్లేట్ కూడా అదే వేస్తారు, మేమూ వేశాం. కానీ క్యాలిక్యులేటర్ తీయండి. మొత్తం లాభంలో కార్మికుడి వాటా మొదటి ఏడాది 17 శాతానికి దగ్గర, రెండో ఏడాది 13 శాతానికి లోపే. లాభం రూ.1,693 కోట్లు పెరిగితే, పర్మినెంట్ కార్మికులందరికీ కలిపి పెరిగింది సుమారు రూ.6 కోట్లు. అంతకుముందు 2022-23కు బీఆర్ఎస్ సర్కారు ఇచ్చింది 32 శాతమే, కానీ మొత్తం రూ.2,222 కోట్ల మీద లెక్కగట్టి రూ.711 కోట్లు ఇచ్చింది. శాతం ఒక్కటే చూస్తే ఈ తేడా కనిపించదు.

సర్కారు వాదన కూడా వినాలి. పాత గనుల్లో బొగ్గు అయిపోతోంది. కొత్తవి రాకపోతే కంపెనీకి మనుగడ ఉండదు. ఒడిశాలోని నైనీ బ్లాక్‌లో తవ్వకం మొదలైంది 2025 ఏప్రిల్‌లోనే. ఇలాంటి వాటికి డబ్బు కావాలి, నిజమే. కానీ అంత డబ్బు పక్కన పెట్టేముందు, ఏ ప్రాజెక్టుకు ఎంతో, ఎప్పటికో గేట్ మీటింగుల్లో వివరంగా చెప్పాల్సిన బాధ్యత ఉంది కదా? విద్యుత్ సంస్థల నుంచి సింగరేణికి రావాల్సిన బకాయిలు వేల కోట్లలో ఉన్నప్పుడు, విస్తరణ భారం మా వాటా మీదే ఎందుకు అన్న ప్రశ్న కార్మికులు వేయరా?

మొత్తం లాభం మీదే వాటా లెక్కగట్టాలని ఏఐటీయూసీ సహా సంఘాలు డిమాండ్ చేశాయి. అధికార పార్టీ యూనియన్‌కే ఇబ్బంది. సొంత సీఎం ప్రకటించిన వాటాను స్వాగతించాలా? తక్కువైందని రోడ్డెక్కాలా? స్వాగతిస్తే గేటు దగ్గర కార్మికుడు అడుగుతాడు. రోడ్డెక్కితే హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుంది.

ఇంకో మెలిక. లేబర్, మైన్స్ శాఖల మంత్రి వివేక్ చెన్నూరు ఎమ్మెల్యే, పక్కా కోల్‌బెల్ట్ నేత. కొడుకు వంశీకృష్ణ పెద్దపల్లి ఎంపీ. అందరి చూపూ ఆయన మీదే ఉంటుంది. కానీ సింగరేణి ఆయన శాఖ కాదు. అది ఇంధన శాఖ కిందకి వస్తుంది. ఆ శాఖ, ఆర్థిక శాఖ రెండూ డిప్యూటీ సీఎం భట్టి విక్రమార్క దగ్గరున్నాయి. ఒత్తిడి పెట్టాల్సిన చోటు ఒకటి, చేతికి అందే నేత మరొకరు!

అదే వివేక్.. అప్పుడు అటువైపు

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. సొంత పార్టీని నిలదీయడం ఎట్లా ఉంటుందో వివేక్‌కు తెలియనిది కాదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన పెద్దపల్లి కాంగ్రెస్ ఎంపీ. కేంద్రంలో సొంత పార్టీ సర్కారు. తెలంగాణ ఇస్తారా ఇవ్వరా అని లోక్‌సభలో సొంత ప్రభుత్వాన్నే అడ్డుకున్నందుకు 2012 ఏప్రిల్‌లో 8 మంది తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలను సభ నుంచి సస్పెండ్ చేశారు. పొన్నం ప్రభాకర్, మధుయాష్కీలతో పాటు వివేక్ కూడా ఆ లిస్టులో ఉన్నారు.

వాళ్లకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు 35 రోజులు గనుల్లోకి దిగలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే హైదరాబాద్‌లో, ఢిల్లీలో కదలిక వస్తుంది. కాంగ్రెస్ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు జనంలో తిరగలేని పరిస్థితి. ఎక్కడికెళ్లినా ఒకటే మాట.. రాజీనామా చేయండి. మంథని ఎమ్మెల్యేగా అప్పట్లో మంత్రిగా ఉన్న శ్రీధర్‌బాబుకూ ఆ సెగ తగిలింది.

ఆ ఒత్తిడి ఎందుకు పనిచేసింది? ఉద్యమకారుల చేతిలో పార్టీ తీసేసుకోలేని వస్తువు ఒకటుంది కాబట్టి. అది బొగ్గు. పదవి ఇచ్చినోళ్లు మళ్లీ తీసేసుకోవచ్చు. సమ్మెను అట్లా తీసుకోలేరు.

సముద్రం అవతల ఇంకో బొగ్గు కథ

ఇలాంటి సీనే అమెరికాలోనూ నడిచింది. అది కూడా బొగ్గు రాష్ట్రంలోనే కావడం విశేషం. వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ డెమొక్రటిక్ పార్టీ నేత, కానీ మధ్యేవాది. 2021లో సెనేట్‌లో బలాబలాలు 50-50. అంటే సొంత పార్టీలో ఒక్కరు కాదన్నా బైడెన్ బిల్లు ఆగిపోతుంది. పిల్లల సంరక్షణ, వాతావరణం, ఆరోగ్యం కోసం తెచ్చిన బిల్డ్ బ్యాక్ బెటర్ బిల్లుకు మాంచిన్ అడ్డం తిరిగారు.

పార్టీలోని ప్రోగ్రెసివ్ యాక్టివిస్టులు వదల్లేదు. వాషింగ్టన్‌లో ఆయన హౌస్‌బోట్‌లో ఉంటారు. చిన్న పడవల్లో ఆ బోటు దగ్గరకే వెళ్లి నినాదాలు చేశారు. ఆరిజోనా సెనేటర్ కిర్‌స్టెన్ సినెమాను అయితే యూనివర్సిటీలో బాత్రూం దాకా వెంబడించి అడిగారు. ఆ వీడియో అప్పట్లో తెగ వైరల్ అయింది. ఫలితం? 2021 డిసెంబర్ 19న మాంచిన్ టీవీలో కూర్చుని ఆ బిల్లుకు ఓటేయనని తేల్చేశారు.

ఎందుకంటే 2020లో వెస్ట్ వర్జీనియా ఓటర్లలో మూడింట రెండొంతుల మందికి పైగా ట్రంప్‌కే ఓటేశారు. పడవల్లో వచ్చిన యాక్టివిస్టులు అలిగినా మాంచిన్‌కు పోయేదేం లేదు. కెమెరాకు మంచి విజువల్, అంతే.

ఆ మర్నాడు జరిగింది మాత్రం అంత వైరల్ కాలేదు. గని కార్మికుల సంఘం యునైటెడ్ మైన్ వర్కర్స్ ఓ ప్రకటన ఇచ్చింది. మాంచిన్‌కు ఎన్నాళ్లుగానో దగ్గరగా ఉన్న సంఘం అది. నిర్ణయం మళ్లీ ఆలోచించుకోండని అడిగింది. ఎందుకు? బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు సాయం చేసే నిధికి డబ్బు తెచ్చే పన్నును పొడిగించే అంశం ఆ బిల్లులో ఉంది. సిద్ధాంతం గురించి కాదు, తమ సభ్యుల ఊపిరి గురించి అడిగారు. ఎనిమిది నెలల తర్వాత, 2022 ఆగస్టులో మాంచిన్ ఒప్పుకున్న ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ వచ్చింది. పెద్ద బిల్లులోని చాలా అంశాలు ఎగిరిపోయాయి. బొగ్గు పన్ను మాత్రం శాశ్వతమైంది. ఇది ఒక్క ప్రకటన వల్లే జరిగిందని చెప్పలేం. కానీ ఎవరి మాట ఎంత బరువు తూగిందో అర్థమవుతుంది.

తర్వాతి కథ కూడా వినండి. ఆరిజోనా డెమొక్రటిక్ పార్టీ సినెమాను అధికారికంగా అభిశంసించింది. ఆమె పార్టీ వదిలేశారు, 2024లో మళ్లీ పోటీ చేయలేదు. ఆ సీటును డెమొక్రాట్ రూబెన్ గాయెగో నిలబెట్టుకున్నారు. మాంచిన్ కూడా ఇండిపెండెంట్‌గా మారి, పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన సీటు రిపబ్లికన్ జిమ్ జస్టిస్‌కు పోయింది. ఒకచోట ఒత్తిడి పెట్టినోళ్లకు సీటు మిగిలింది, ఇంకోచోట అదీ మిగల్లేదు.

అమెరికాలో సొంత నేత నచ్చకపోతే ప్రైమరీ ఎన్నికల్లో ఓడించే దారి ఉంది. మనకు ఆ సీన్ లేదు. టికెట్ ఎవరికో పైన డిసైడ్ అవుతుంది. అయితే రామగుండం ఓటరు తన స్టైల్‌లో ప్రైమరీ నడిపిన సందర్భం ఉంది. 2018లో టీఆర్ఎస్ టికెట్ సోమారపు సత్యనారాయణకు ఇచ్చారు. ఉద్యమంలో తిరిగిన కోరుకంటి చందర్‌కు ఇవ్వలేదు. చందర్ ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తుపై దిగి గెలిచారు, గెలిచాక మళ్లీ టీఆర్ఎస్‌లో చేరారు. పార్టీ మారలేదు, పార్టీ పెట్టిన క్యాండిడేట్ మారాడు! ఐదేళ్ల తర్వాత అదే చందర్‌ను భారీ మెజారిటీతో ఇంటికి పంపింది కూడా ఈ ఓటర్లే.

మరి 2017లో ఎట్లా గెలిచారు?

ఏడింటిలో ఆ ఒక్కటి సంగతి చూడాలి కదా. వారసత్వ ఉద్యోగాలు ఇస్తామని కేసీఆర్ మాటిచ్చారు. కంపెనీ నోటిఫికేషన్ ఇచ్చింది. 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. పోలింగ్ అక్టోబర్ 5న. మామూలుగా అయితే టీబీజీకేఎస్ మునిగిపోవాలి. కానీ కారుణ్య నియామకాల పేరుతో, మెడికల్‌గా అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు ఉద్యోగాలిస్తామని సీఎం స్వయంగా భరోసా ఇచ్చారు. కొలిమిలో కాలిన ఒళ్లు, కొడుకుకు ఉద్యోగం.. కోల్‌బెల్ట్‌లో దీనికి మించిన హామీ లేదు. 2018 నుంచి ఆ నియామకాలు మొదలయ్యాయి కూడా. అధికార పార్టీ యూనియన్ గెలవాలంటే జెండా చాలదు, సర్కారు చేతి నుంచి ఏదో ఒకటి తెచ్చి చూపించాలి.

బీజేపీ అనుబంధ బీఎంఎస్‌కూ ఇదే పరీక్ష. 2020 జూలైలో కమర్షియల్ బొగ్గు గనుల వేలానికి వ్యతిరేకంగా మూడు రోజుల సమ్మె జరిగితే, కేంద్రంలో మోదీ సర్కారున్నా బీఎంఎస్ బొగ్గు సంఘం అందులో దిగింది. 2025 జూలై 9 సార్వత్రిక సమ్మెకు మాత్రం బీఎంఎస్ దూరంగా ఉంది. మధ్యలో 2022 నవంబర్‌లో ప్రధాని రామగుండం వచ్చి, సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే, కేంద్రం ఎట్లా ప్రైవేటుపరం చేస్తుందని ప్రశ్నించారు. లెక్క కరెక్టే. కానీ కార్మికుల భయం కంపెనీని అమ్మేస్తారని మాత్రమే కాదు, కొత్త బ్లాకులు వేలంలో వేరేవాళ్లకు పోతే కంపెనీ దానంతటదే ఎండిపోతుందని. 2024 జూన్ 21న కిషన్‌రెడ్డి హైదరాబాద్‌లోనే వేలం ప్రారంభిస్తే, ఆ లిస్టులో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి ఉంది. అదే వేదికపై కూర్చున్న భట్టి, బ్లాకులను వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలని కోరారు. వేదిక ఎక్కకుండా బహిష్కరించి ఉండాల్సిందని లెఫ్ట్ వైపు నుంచి విమర్శలొచ్చాయి. సొంత కూటమి నుంచి వచ్చిన విమర్శే అది కూడా.

ఓటు లేనోళ్ల సంగతి?

ఇంతసేపు మాట్లాడుకున్నది ఓటున్న కార్మికుడి గురించి. గుర్తింపు ఎన్నికల్లో ఓటు పర్మినెంట్ ఉద్యోగులకే. 2023లో ఆ ఓటర్లు 40 వేలకు దగ్గరలో ఉన్నారు.

అవే గనుల్లో, అవే ఓపెన్‌కాస్టుల్లో సుమారు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులు పనిచేస్తున్నారు. యూనియన్ బ్యాలెట్‌లో వాళ్లకు ఓటు లేదు. 2022 సెప్టెంబర్‌లో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. కోల్ ఇండియాలో ఇస్తున్న హైపవర్ కమిటీ వేతనాలు ఇక్కడా ఇవ్వాలన్నది వాళ్ల పాత డిమాండ్. ఆ సమ్మె ముగిసిన రెండేళ్లకు, 2024లో, లాభాల వాటా సందర్భంగా తొలిసారి వాళ్లకూ తలా రూ.5 వేలు ప్రకటించారు. అది కాంగ్రెస్ సర్కారు చేసిన మంచి పనే, కాదనలేం. 2025లో దాన్ని రూ.5,500 చేశారు.

పక్కనే పనిచేసే పర్మినెంట్ కార్మికుడికి సగటున రూ.1,95,610. రెండు పెద్ద సంఘాలకూ వచ్చే బ్యాలెట్‌లో కావాల్సింది ఆ పర్మినెంట్ కార్మికుడి ఓటే. రూ.5,500 అందుకున్న మనిషికి ఓటు ఉన్నది అసెంబ్లీ ఎన్నికల్లో, రామగుండం కార్పొరేషన్ ఎన్నికల్లో. అక్కడ మాత్రం ఆయన ఓటుకూ, పక్కనున్న పర్మినెంట్ కార్మికుడి ఓటుకూ విలువ ఒక్కటే.